తమ్ముడి బిడియం, డాక్టరు చీటీలోని మాట: ఆందోళన, భయం ప్రధానంగా ఉండే వ్యక్తిత్వ రుగ్మతల గురించి

మీరు రాసినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ తమ్ముడికి 28 ఏళ్ళు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం బాగానే చేస్తూ, టీమ్ లీడ్ బాధ్యత ఇస్తామన్న నెలలోనే రాజీనామా చేసి గుంటూరు వచ్చేశాడు. ఏడాదిన్నరగా ఇంట్లోనే ఉంటున్నాడు. బంధువులు వస్తే గది తలుపు వేసుకుంటాడు, బ్యాంకుకు ఫోన్ చేయాలన్నా అమ్మచేతే చేయిస్తాడు. సైకియాట్రిస్టు చీటీలో 'క్లస్టర్ సి, యాంక్షస్ అవాయిడెంట్, డిపెండెంట్ ట్రెయిట్స్' అని రాసి ఒక మాత్ర ఇచ్చారు. ఇది జబ్బా స్వభావమా, ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) లాంటిదేనా, మాత్రతో తగ్గుతుందా, పెళ్ళి చేస్తే సర్దుకుంటుందని పెద్దవాళ్ళు అంటున్నది నిజమా అని అడిగారు. క్లినికల్ సైకాలజిస్టుగా ఇటువంటి వారితోనూ, వారి కుటుంబాలతోనూ చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను కనుక వివరంగానే రాస్తాను. మీ తమ్ముణ్ణి చూడకుండా నిర్ధారణ చెప్పడం తగదు కాబట్టి, ఆ చీటీలోని మాటల వెనుక ఉన్న విషయాన్ని, ఇంట్లో మీరు చేయగలిగినదాన్ని మాత్రమే చెబుతాను. ఉదాహరణలుగా ఇచ్చిన సంఘటనల్లో మనుషులను గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

ప్రతి మనిషికీ తనను తాను లెక్కగట్టుకునే తీరు, ఎదుటివారి మనసును ఊహించుకునే తీరు, కష్టం వచ్చినప్పుడు తట్టుకునే తీరు ఒకటి ఉంటుంది. మామూలుగా అది సందర్భాన్ని బట్టి మారుతుంది. కొత్తవారి ముందు ముడుచుకుపోయే మనిషి పాత స్నేహితుల మధ్య హాయిగా నవ్వుతాడు. వ్యక్తిత్వ రుగ్మత అనాలంటే ఆ తీరు కౌమారంలోనో యౌవనారంభంలోనో మొదలై, ఏళ్ళ తరబడి నిలిచి, ఇంట్లో, కాలేజీలో, ఉద్యోగంలో, స్నేహాల్లో దాదాపు ఒకే రకంగా కనబడుతూ, పరిస్థితి మారినా తాను మారకుండా, ఆ మనిషికి గణనీయమైన బాధనో నష్టాన్నో కలిగిస్తూ ఉండాలి. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి డీఎస్ఎం వర్గీకరణలో ఇలాంటివి 10 ఉన్నాయి. వాటిని మూడు గుంపులుగా చేశారు. ఆందోళన, భయం ప్రధానంగా కనిపించే మూడో గుంపే మీ చీటీలోని క్లస్టర్ సి. అందులో అవాయిడెంట్ (తప్పించుకునే), డిపెండెంట్ (ఇతరులమీద ఆధారపడే), అబ్సెసివ్ కంపల్సివ్ (క్రమం, అదుపు మీద పట్టు వదలని) అనే మూడు వ్యక్తిత్వ రుగ్మతలు ఉన్నాయి. 1980లో వచ్చిన డీఎస్ఎం-3 నుంచి ఈ గుంపుల విభజన వాడుకలో ఉంది.

చీటీలో డాక్టరు గారు 'ట్రెయిట్స్' అని రాయడం గమనించండి. లక్షణాలు కనిపిస్తున్నాయి, కానీ రుగ్మత అని ఖాయం చేయడానికి ఇంకా సమాచారం కావాలి అన్నప్పుడు మేము సాధారణంగా అలా రాస్తాం. ఒక్క కలయికలో వ్యక్తిత్వ రుగ్మత అని తేల్చడం మంచి పద్ధతి కాదు. ఎందుకంటే నెలల తరబడి డిప్రెషన్‌లో ఉన్న మనిషి కూడా గదిలోంచి బయటికి రాడు, ఫోన్లు ఎత్తడు, తాను దేనికీ పనికిరానని అంటాడు. డిప్రెషన్ తగ్గాక అతనిలో మునుపటి కలుపుగోలుతనం తిరిగి వస్తే అది వ్యక్తిత్వ సమస్య కాదన్నమాట. అందుకే ఎనిమిదో తరగతిలో ఎలా ఉండేవాడు, ఇంటర్ హాస్టల్లో ఎవరితో తిరిగేవాడు, వైవాలో ఏం జరిగేది అని అడుగుతాం. చిన్నప్పటి నుంచే ఇతరులతో మెలగడంలో వేరే రకమైన ఇబ్బంది ఉంటే ఆటిజం స్పెక్ట్రమ్ కోణాన్ని కూడా పరిశీలిస్తాం. మీ తమ్ముడి బాల్యం గురించి మీకు తెలిసినంతగా అతను డాక్టరుకు చెప్పి ఉండకపోవచ్చు.

ఇక అవాయిడెంట్ సంగతి. మీ ప్రశ్నకు ఇదే కేంద్రం కనుక ఇక్కడ కొంత ఎక్కువసేపు ఆగుతాను. డీఎస్ఎం ఇచ్చిన 7 ప్రమాణాల్లో కనీసం 4 ఉంటే ఈ రుగ్మతను పరిగణిస్తారు. వాటి సారాంశం ఏమిటంటే, విమర్శిస్తారేమో, కాదంటారేమో, నలుగురిలో చిన్నబోతానేమో అన్న భయం ఈ వ్యక్తుల బతుకులో నిర్ణయాలన్నిటినీ తానే తీసుకుంటుంది. మనుషులతో మసలవలసిన ఉద్యోగాలను వదులుకుంటారు. తమను ఇష్టపడతారన్న భరోసా ఉంటే తప్ప స్నేహానికి చేయి చాచరు. దగ్గరివారి దగ్గర కూడా మనసు విప్పడానికి జంకుతారు. తాము చేతకానివారమనీ, ఎవరికీ నచ్చమనీ, ఇతరులకన్నా తక్కువవారమనీ లోపల గట్టిగా నమ్ముతారు. 2001-02లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద జాతీయ సర్వేలో సుమారు 2.4 శాతం మందిలో ఇది కనిపించింది. అంటే ఇది అరుదైనదేమీ కాదు. బయటికి గొడవ చేయని బాధ కనుక కనబడదు, అంతే.

ఒక యువకుడు తన స్నేహితుడి పెళ్ళికి కొత్త చొక్కా వేసుకుని, కవరు మీద పేరు రాసుకుని బయలుదేరాడు. ఫంక్షన్ హాలు గేటు దగ్గర బైకు ఆపి, లోపల తెలిసినవాళ్ళు ఏ వరుసలో కూర్చున్నారో చూస్తూ నిలబడ్డాడు. ఎవరో ఒకరు తనవైపు చూసి, నవ్వకుండా ముఖం తిప్పుకున్నట్టు అనిపించింది. చదివింపుల కవరు జేబులోనే ఉండగా బైకు తిప్పుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ రాత్రి స్నేహితుడికి జ్వరం వచ్చిందని మెసేజ్ పెట్టాడు. నాతో ఈ విషయం చెబుతూ, "వీడెందుకొచ్చాడురా అనుకుంటారనిపించింది మేడమ్" అన్నాడు. అతనికి ఆ పెళ్ళికి వెళ్ళాలని లేదనుకుంటే పొరపాటు. పది రోజుల ముందు నుంచీ ఎదురుచూశాడు. మనుషులమీద ఆసక్తి లేక ఒంటరిగా ఉండే స్కిజాయిడ్ వ్యక్తిత్వానికీ, మనుషులు కావాలని లోలోపల తపిస్తూనే దూరంగా ఉండిపోయే అవాయిడెంట్ వ్యక్తిత్వానికీ ప్రధానమైన తేడా ఇదే. మీ తమ్ముడు తలుపు వేసుకున్నాడంటే బంధువులంటే ఇష్టం లేదని అర్థం చేసుకోకండి. తలుపు వెనుక నుంచి అతను ఆ మాటలన్నీ వింటూ ఉండవచ్చు.

బైకు వెనక్కి తిప్పిన క్షణంలో ఆ యువకుడికి ఏం జరిగిందో చూడండి. గుండెదడ తగ్గింది, చెమటలు ఆగాయి, ఊపిరి తేలికైంది. ఆ ఊరటే అసలు చిక్కు. వెనక్కి తిరగడంవల్లే ప్రమాదం తప్పిందని మనసు నేర్చుకుంటుంది. లోపలికి వెళ్ళి ఉంటే స్నేహితుడు చేయి పట్టుకుని వేదిక మీదికి లాక్కెళ్ళేవాడేమో. అది తెలిసే అవకాశమే రాలేదు. పైగా జ్వరమని చెప్పిన అబద్ధం గురించి మరుసటి రోజు నుంచి సిగ్గు మొదలై, ఆ స్నేహితుణ్ణి కలవడం మరింత కష్టమైంది. ఇలా ఒక్కొక్క తప్పించుకోవడం తరువాతి తప్పించుకోవడానికి కారణాన్ని తయారుచేస్తుంది. ఏడాదిన్నరగా ఇంట్లో ఉన్న మనిషికి, "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు" అన్న ప్రశ్నే ఇంటి గుమ్మం దాటనివ్వని అడ్డంకి అవుతుంది.

మామూలు బిడియానికీ దీనికీ తేడా ఎక్కడుందంటే, బిడియస్తుడు మొదటి పది నిమిషాలు ఇబ్బందిపడి తరువాత కుదురుకుంటాడు, ఇబ్బంది ఉన్నా వెళ్ళవలసినచోటికి వెళతాడు. అవాయిడెంట్ వ్యక్తి బతుకును ఆ ఇబ్బంది చుట్టూ కుదించుకుంటాడు. నలుగురి ముందు మాట్లాడాలన్నా, మసలాలన్నా తీవ్రమైన భయం కలిగే సోషల్ యాంగ్జైటీ డిజార్డర్‌తో మాత్రం ఇది బాగా కలిసిపోయి ఉంటుంది. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. ఒకే సమస్యకు ఇవి తక్కువ, ఎక్కువ స్థాయిలా, లేక నిజంగా వేరా అన్నదానిపై పరిశోధకుల్లో వాదన ఇంకా తెగలేదు. నా అనుభవంలో ఒక తేడా పనికివస్తుంది. సోషల్ యాంగ్జైటీ ఉన్నవారు ఎక్కువగా "మాట్లాడితే తడబడతాను, చేతులు వణుకుతాయి" అని తాము చేయబోయే పని గురించి భయపడతారు. అవాయిడెంట్ వ్యక్తి భయం తన గురించే. దగ్గరికి వచ్చి చూస్తే తనలో ఏమీ లేదని తెలిసిపోతుందని భయం. మీ తమ్ముడు మామూలు పని చక్కగా చేసి పదోన్నతి దగ్గర ఆగిపోవడం నాకు వింతగా అనిపించలేదు. పదోన్నతి అంటే నలుగురికి పని చెప్పడం, కాదన్నవారికి జవాబు చెప్పడం, క్లయింట్ కాల్‌లో అందరూ వింటుండగా మాట్లాడటం. అభినందనగా ఇచ్చినదే అతనికి బయటపడిపోయే ప్రమాదంగా తోచి ఉంటుంది.

డిపెండెంట్ వ్యక్తిత్వ రుగ్మతలో భయం మరో రూపంలో ఉంటుంది. తన బతుకు తాను నడుపుకోలేనని, ఎవరో ఒకరు పక్కన లేకపోతే కూలిపోతానని నమ్మకం. 8 ప్రమాణాల్లో 5 ఉండాలి. చిన్న నిర్ణయానికీ ఎవరో ఒకరు సరే అనాలి, మద్దతు పోతుందన్న భయంతో ఎదుటివారి మాటను కాదనలేరు, తమంత తాముగా పని మొదలుపెట్టలేరు, ఒక బంధం తెగితే వెంటనే ఇంకొక ఆధారాన్ని వెతుక్కుంటారు. పీజీ చదివి ఉద్యోగం చేస్తున్న ఒకామె రోజూ ఉదయం రెండు చీరలు మంచంమీద పరిచి ఫోటోలు తీసి అక్కకు వాట్సాప్‌లో పంపేది. నీలం గీతలు పడి జవాబు వచ్చేదాకా అలాగే నిలబడేది. ఒకరోజు అక్క విమానంలో ఉండి జవాబు ఇవ్వలేకపోయింది. ఆ రోజు ఆమె ఆఫీసుకు వెళ్ళలేదు.

ఇక్కడ మన సమాజాన్ని దృష్టిలో పెట్టుకోకపోతే పెద్ద తప్పు జరుగుతుంది. మన ఇళ్ళలో పెళ్ళి, ఇల్లు కొనడం, ఉద్యోగం మారడం వంటివి పెద్దలను అడిగి చేయడం మర్యాద. 25 ఏళ్ళు దాటిన కొడుకు తల్లిదండ్రులతో ఉండటం మామూలు. ఒక పద్ధతి రుగ్మత కావాలంటే అది ఆ వ్యక్తి పెరిగిన సంస్కృతి ఆశించేదానికన్నా స్పష్టంగా మించి ఉండాలని డీఎస్ఎం కూడా చెబుతుంది. పెద్దలను అడగడం ఆచారం. అడగకుండా ఒక్క అడుగూ వేయలేకపోవడం, మనసులో కాదని ఉన్నా ఔననడం, అడిగేవారు లేని రోజు పని ఆగిపోవడం దానికి మించినవి. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది, నన్ను ఎక్కువ బాధించేది అదే. నోరు మెదపని కోడలిని 'బంగారం లాంటి పిల్ల' అంటాం, ఎదురు చెప్పని కొడుకును 'మెతక, మంచివాడు' అంటాం. ఆ మంచితనం వెనుక భయం ఉందేమోనని ఎవరూ చూడరు. ఇంట్లో దెబ్బలు తింటూ కూడా ఒంటరిగా బతకలేనన్న నమ్మకంతో ఆ ఇంట్లోనే ఉండిపోయిన స్త్రీలను నేను చూశాను. వారికి చట్టం గురించి చెప్పడం అవసరమే, కానీ బస్సు టికెట్టు తానే కొనుక్కోగలనన్న నమ్మకం కలిగించడం అంతకన్నా ముందు కావలసి వచ్చింది.

మీ తమ్ముడి విషయంలో రెండూ ఎందుకు కలిశాయంటే, ఇవి తరచుగా కలిసే ఉంటాయి. బయటి మనుషులకు దూరమైన కొద్దీ, భద్రంగా అనిపించే ఒకరిద్దరి మీద ఆధారపడటం పెరుగుతుంది. ఆ ఒకరు మీ అమ్మగారు.

ఓసీడీ లాంటిదేనా అని అడిగారు. ఓసీడీ వేరు, అబ్సెసివ్ కంపల్సివ్ పర్సనాలిటీ డిజార్డర్ వేరు. చీటీలో చూసినదాన్ని బట్టి మీ తమ్ముడికి ఈ రెండూ ఉన్నట్టు లేదు. ఓసీడీలో వద్దనుకున్నా వచ్చే ఆలోచనలు, వాటిని తగ్గించుకోవడానికి పదేపదే చేసే పనులు ఉంటాయి. చాలామందికి అవి అర్థంలేనివని తెలుసు, వాటితో వేసారిపోతారు. అబ్సెసివ్ కంపల్సివ్ వ్యక్తిత్వ రుగ్మతలో ఆ ఆలోచనలు, చర్యలు ఉండనవసరం లేదు. క్రమం, నియమం, పరిపూర్ణత, పొదుపు, అదుపు అనేవాటి మీద పట్టు ఎంత బిగుస్తుందంటే పని పూర్తికాదు, ఇంట్లో మనుషులు ఊపిరాడక అవస్థపడతారు. పైగా తన పద్ధతే సరైనదని ఆ వ్యక్తికి గట్టి నమ్మకం. ఒక పేజీ ఉత్తరాన్ని మూడు రోజులు దిద్దుతూ గడువు దాటించే అధికారి, తన పద్ధతిలో తప్ప ఇంకెవరు కూర తరిగినా ఒప్పుకోని ఇంటి పెద్ద ఇలాంటి వారు కావచ్చు. క్రమం, పొదుపు, మొండితనం కలిసి ఉండే స్వభావాన్ని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1908లోనే వర్ణించాడు. ఇది భయం గుంపులో ఎందుకుందని కొందరు ప్రశ్నిస్తారు. తప్పు జరిగితే ఏమవుతుందో అన్న బెదురును నియమాలతో కప్పుకున్న మనుషులు నా దగ్గరికి వచ్చారు కనుక దీన్ని ఇక్కడ పెట్టడం నాకు సమంజసంగానే తోస్తుంది. అయితే అందరిలోనూ అలాగే ఉంటుందని చెప్పను.

మీరు మరొక డాక్టరును కలిస్తే చీటీలో వేరే మాటలు కనిపించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో ఈ విడివిడి పేర్లు తీసేసి, ముందు వ్యక్తిత్వ రుగ్మత తీవ్రత స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అని చూసి, తరువాత ప్రధాన లక్షణాలను జతచేసే పద్ధతి పెట్టారు. మీ తమ్ముడి వంటివారికి అందులో ప్రతికూల భావోద్వేగాలు, మనుషుల నుంచి దూరం అనే లక్షణాలు రాయవచ్చు. రెండు చీటీలు రెండు రకాలుగా ఉన్నంత మాత్రాన ఒకరు తప్పు చెప్పారని కంగారుపడకండి.

ఇది ఎందుకు వచ్చిందన్న ప్రశ్న మీరు అడగలేదు కానీ, మీ అమ్మగారు మనసులో అడుగుతూనే ఉంటారని నాకు తెలుసు. కొందరు పిల్లలు పసితనం నుంచే కొత్త మనిషిని, కొత్త చోటును చూస్తే వెనక్కి తగ్గుతారు. ఈ స్వభావంలో జన్యువుల పాత్ర ఉంది. అటువంటి పిల్లల్లో ఎక్కువమంది ఏ రుగ్మతా లేకుండానే పెరుగుతారు. ఆ స్వభావానికి ఎడతెగని పోలికలు, అవమానాలు, తోటిపిల్లల వేధింపు తోడైతే భయం లోతుగా పాతుకుంటుంది. తరగతిలో అందరిముందు మార్కులు చదివి నిలబెట్టడం, ఇంటికి వచ్చినవారి ముందు "మావాడు నోట్లో నాలుక లేనివాడు" అని నవ్వడం మనకు చిన్న విషయాలు. లోపల మెత్తగా ఉన్న పిల్లవాడికి అవి ఏళ్ళ తరబడి వినబడతాయి. అతి రక్షణ కూడా ఇదే పని చేయగలదు: ప్రతి కష్టానికీ ముందే అమ్మ అడ్డుపడితే, తనకు చేతకాదనే పిల్లవాడు నేర్చుకుంటాడు. కానీ ఎవరి విషయంలోనైనా ఇదిగో ఈ కారణమే అని వేలుపెట్టి చూపడం సాధ్యం కాదు. మీ అమ్మగారిని దోషిగా నిలబెట్టవద్దు. ఇప్పుడు ఇంట్లో మార్పు తేవలసిన మొదటి మనిషి ఆమే. తన తప్పేనని కుంగిపోయిన మనిషి ఏ మార్పూ తేలేరు.

చికిత్స గురించి. వ్యక్తిత్వ రుగ్మతను నేరుగా నయంచేసే మాత్ర ఇప్పటికి లేదు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు తోడుగా ఉన్న ఆందోళననూ డిప్రెషన్‌నూ తగ్గించి, మాటల చికిత్సలో అడుగు వేయగలిగే స్థితికి మనిషిని తెస్తాయి. ఆ సాయం తక్కువదేమీ కాదు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. డాక్టరును అడగకుండా హఠాత్తుగా మానకూడదు. ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ వంటివి వెంటనే ఊరటనిస్తాయి కనుక మనసు వాటి వైపే పోతుంది, కానీ అలవాటయ్యే ప్రమాదం ఉంది. తప్పించుకోవడమే సమస్య అయిన మనిషికి జేబులో ఉన్న ఆ మాత్ర కూడా మరొక తప్పించుకునే దారి కాగలదు. పాత చీటీ చూపించి మందుల షాపులో వాటిని కొనుక్కోనివ్వకండి.

అసలు పని సైకోథెరపీలో, అంటే మాటల చికిత్సలో జరుగుతుంది. మేము చేసేది ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఫోన్ చేయడమంటే భయపడే ఒకతనితో, మొదట ఇంటి పక్క కిరాణా కొట్టుకు ఫోన్ చేసి పెరుగు ప్యాకెట్లు ఉన్నాయా అని అడగాలని అనుకున్నాం. చేసే ముందు ఏం జరుగుతుందనుకుంటున్నాడో నోటుబుక్కులో రాయమన్నాను. "విసుక్కుంటాడు, ఇదేం గొంతు అనుకుంటాడు, నాకు మాట రాదు" అని రాశాడు. ఫోన్ అయ్యాక పక్క గడిలో జరిగింది రాశాడు: "ఉన్నాయి బాబూ, రెండా మూడా అన్నాడు." ఆ రెండు గడులను పక్కపక్కన చూస్తూ అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కరెంటు ఆఫీసుకు, ఆ తరువాత పాత సహోద్యోగికి ఫోన్. ప్రతిసారీ ఊహ ఒక గడిలో, జరిగింది మరొక గడిలో. కొన్నిసార్లు అవతలి మనిషి నిజంగానే విసుక్కున్నాడు, అదీ రాశాం. ఒకరు విసుక్కున్నా రోజు గడిచిందని తెలియడం అతనికి చాలా విలువైన పాఠమైంది. దీనితోపాటు 'నేను పనికిరానివాణ్ణి' అన్న మూల నమ్మకం ఎక్కడ పుట్టిందో, ఇప్పుడు దానికి ఏ ఆధారం ఉందో నెలల తరబడి నెమ్మదిగా పరిశీలిస్తాం. ఇలా చిన్ననాటి నుంచి పాతుకుపోయిన నమ్మకాల మీద పనిచేసే షీమా థెరపీ అనే పద్ధతిని, ప్రధానంగా క్లస్టర్ సి వ్యక్తిత్వ రుగ్మతలున్న 323 మంది మీద నెదర్లాండ్స్‌లో పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. మామూలు చికిత్స పొందినవారికన్నా ఈ చికిత్స పొందినవారిలో ఎక్కువమంది కోలుకున్నారు, మధ్యలో మానేసినవారూ తక్కువ. షీమా థెరపీలో శిక్షణ పొందినవారు మన దగ్గర అన్ని ఊళ్ళలో దొరకరు; ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ బాగా తెలిసిన క్లినికల్ సైకాలజిస్టు ఉంటే మొదలుపెట్టవచ్చు.

ఈ చికిత్సలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, మీరు ముందే తెలుసుకోవాలి. థెరపిస్టు కూడా ఒక మనిషే కనుక, ఆ భయం అక్కడికీ వస్తుంది. ఇచ్చిన పని చేయలేకపోతే మందలిస్తారని భావించి మీ తమ్ముడు తరువాతి వారం రాకుండా ఉండిపోవచ్చు. డిపెండెంట్ లక్షణాలున్నవారు దీనికి విరుద్ధంగా, మేము చెప్పినదానికల్లా తలూపి, ప్రతి నిర్ణయం మాచేతే చేయించాలని చూస్తారు. అతను వెళ్ళడం మానేస్తే "డబ్బులు దండగ" అనకండి. పని చేయకపోయినా వెళ్ళి, చేయలేకపోయానని చెప్పడం కూడా చికిత్సలో భాగమేనని, థెరపిస్టు దాన్ని వినడానికే ఉన్నారని చెప్పండి.

ఎంత కాలం పడుతుందంటే, నెలల్లో కొంత మార్పు, ఏళ్ళలో స్థిరమైన మార్పు అని లెక్కవేసుకోండి. ఒకప్పుడు వ్యక్తిత్వ రుగ్మత జీవితాంతం మారదనేవారు. 1996లో అమెరికాలో మొదలై అవాయిడెంట్, అబ్సెసివ్ కంపల్సివ్ సహా నాలుగు వ్యక్తిత్వ రుగ్మతలున్నవారిని పదేళ్ళపాటు గమనించిన అధ్యయనం ఆ అభిప్రాయాన్ని మార్చింది. చాలామందిలో లక్షణాలు రుగ్మత అనే హద్దు కన్నా కిందికి దిగాయి. అయితే ఉద్యోగం, స్నేహాలు, సంబంధాలు మెరుగుపడటం అంతకన్నా నెమ్మదిగా జరిగింది. అంటే భయం తగ్గగానే బతుకు తనంతట తాను నిండదు. మీ తమ్ముడికి ఆందోళన తగ్గాక కూడా తిరిగి ఉద్యోగంలో కుదురుకోవడానికి, మనుషులతో అలవాటుపడటానికి విడిగా సమయం, సాయం కావాలి.

ఇంట్లో ఏం చేయాలన్నది మీ చేతిలో ఉన్న భాగం. అమ్మ బ్యాంకుకు ఫోన్ చేసిన ప్రతిసారీ ఇద్దరికీ ఆ పూట ప్రశాంతంగా గడుస్తుంది, అతని భయం మాత్రం అలాగే ఉంటుంది. అలాగని రేపటి నుంచి ఏ పనీ చేయబోమని ఒక్కసారిగా చేతులెత్తేయవద్దు. అది అతనికి శిక్షగా, తిరస్కారంగా తోస్తుంది. థెరపిస్టుతో, మీ తమ్ముడితో కలిసి కూర్చుని, ముందు ఏ ఒక్క పనిని అతనికి అప్పగించాలో ఒప్పందానికి రండి. మొదట్లో అమ్మ పక్కన కూర్చోవచ్చు, నంబరు కలపవచ్చు, మాట మాత్రం అతనిదే కావాలి. చేశాక చప్పట్లు కొట్టి హడావుడి చేయకండి. నలుగురి దృష్టి తనమీద పడటమే అతనికి కష్టం. "అయిందా, సరే, కాఫీ తాగుదాం" అంటే చాలు. బంధువుల ముందు అతని ఉద్యోగం ప్రస్తావన రానివ్వకండి. ఎవరైనా ఎత్తితే మీరే మాట మార్చండి. "నీకేం తక్కువ, ఎందుకీ భయం" అనే ఓదార్పు కూడా అతనికి మందలింపుగానే వినబడుతుంది. "వెళ్ళడం కష్టంగా ఉంటుందని తెలుసు, ఏ భాగం ఎక్కువ కష్టం?" అని అడిగితే మాట్లాడటానికి కొంచెం చోటు దొరుకుతుంది. మీ నాన్నగారికి కోపం వస్తుందని రాశారు. కోపం రావడం సహజమే, కానీ ఏడాదిన్నరగా ఆ కోపం అతనిచేత ఒక్క అడుగూ బయటికి వేయించలేకపోయిందన్నది ఆయనతో నెమ్మదిగా చెప్పవలసిన మాట.

పెళ్ళి గురించి నా అభిప్రాయం స్పష్టం. దీన్ని చికిత్సగా వాడకండి. మీ తమ్ముడు పెళ్ళికి అనర్హుడని నేను అనడం లేదు. ఈ లక్షణాలున్న చాలామంది నమ్మకంగా, ఆప్యాయంగా సంసారం చేసుకుంటున్నారు. కానీ ఇప్పుడు, ఇంటి గుమ్మం దాటడమే కష్టంగా ఉన్న సమయంలో, పెళ్ళిచూపులంటే పది మంది ఎదుట కూర్చోబెట్టి నచ్చాడా లేదా అని తేల్చే తతంగం. అతను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది దానికే. సంబంధం తప్పిపోతే తాను పనికిరానివాడినన్న నమ్మకానికి మీరే రుజువు ఇచ్చినట్టవుతుంది. కుదిరితే, ఇప్పటిదాకా అమ్మ చేస్తున్నదంతా ఏమీ తెలియని ఒక అమ్మాయి భుజాల మీద పడుతుంది. ఆమెకు అన్యాయం చేసే హక్కు మనకు లేదు. కాదనలేని స్వభావం ఉన్నవాడి దగ్గర "సరే" అన్న మాటను సమ్మతిగా లెక్కవేయవద్దు కూడా. చికిత్స కొంత ముందుకు సాగి, అతనే కోరుకున్న రోజున, అవతలి అమ్మాయికి అతనే తన మాటల్లో విషయం చెప్పగలిగిన రోజున ఆలోచించండి.

జబ్బా స్వభావమా అన్నదానికి చట్టం వైపు నుంచి కూడా ఒక మాట. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం, సమాజంలో చెల్లుబాటులో ఉన్న నైతిక, సామాజిక, సాంస్కృతిక, వృత్తిపరమైన విలువలకు తగినట్టు లేడన్న కారణంతో ఎవరికీ మానసిక వ్యాధి ఉందని నిర్ణయించకూడదు. పెళ్ళి వద్దనడమో, ఒంటరిగా ఉండటాన్ని ఇష్టపడటమో జబ్బు కాదు. అతను పడుతున్న బాధ, పోగొట్టుకున్న ఉద్యోగం, కోరుకుని కూడా చేరలేకపోతున్న మనుషులు చికిత్సకు కారణాలు. అదే చట్టం అతని వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కును కూడా ఇచ్చింది. మీరు అక్కగా ఎంత ప్రేమతో అడిగినా, కొన్ని విషయాలు అతని అనుమతి లేకుండా డాక్టరు చెప్పకపోతే నొచ్చుకోకండి. ఆ భరోసా ఉంటేనే అతను అక్కడ మాట్లాడతాడు.

సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో క్లినికల్ సైకాలజిస్టుగా నమోదై ఉన్నారా అని అడగండి. అలా అడగడం అమర్యాద కాదు. ఖర్చు భారమైతే హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బోధనాసుపత్రుల్లోని సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. ప్రయాణం చేయడానికి అతను సిద్ధంగా లేకపోతే, మొదట ఆన్‌లైన్‌లో కొన్నిసార్లు మాట్లాడి తరువాత నేరుగా వెళ్ళడం చాలామందికి వీలైంది. అయితే ఆన్‌లైన్‌లోనే ఉండిపోకుండా థెరపిస్టు జాగ్రత్తపడాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. బతకడం వృథా అనో, మీకు భారమయ్యాననో అతను అంటే, వస్తువులు పంచిపెట్టడం, తిండి మానేయడం వంటివి కనిపిస్తే, తరువాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగడానికి వెనుకాడకండి; అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు అతని బడి, హాస్టల్ రోజుల గురించి మీకు గుర్తున్నవి ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్ళండి. డిప్రెషన్ కూడా ఉందా, ఈ మాత్ర దేనికోసం, ఎన్నాళ్ళు వాడాలి, సైకోథెరపీకి ఎవరి దగ్గరికి పంపుతారు అని అడగండి. ఆ కాగితాన్ని డాక్టరుకు ఇచ్చే ముందు మీ తమ్ముడికి చూపించి, అందులో ఏదైనా తీసేయమంటే తీసేయండి. లోపలికి మీరూ రావచ్చా అన్నది కూడా అతన్నే అడగండి.